గంట ప్రయాణమేగా!

"విశాఖపట్నం ఎంతండీ, గంట ప్రయాణమేగా!"

ఈ మాట మొట్టమొదట అన్నదెవరో నాకు తెలియదు గాని, ఆయన మగవాడై వుంటాడని మాత్రం పందెం కాస్తాను. ముందురోజు ఇడ్లీ పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి, పనిమనిషికి తాళంచెవి అప్పగించి, మొగుడి బి.పి. మాత్రలు పొద్దుటివీ రాత్రివీ వేరు వేరు డబ్బాల్లో సర్ది, అప్పుడు విమానం ఎక్కిన మనిషి ఎవరూ దాన్ని గంట అనరు.

మా ఇల్లు సికింద్రాబాదులో, వెస్ట్ మారేడుపల్లి. పుట్టిల్లు విశాఖపట్నం, మహారాణిపేట. అమ్మకి ఎనభై ఏడేళ్లు. ఆ ఇల్లు వదిలి రానంటుంది. నాకిద్దరు సోదరులు. పెద్దన్నయ్య బెంగుళూరు, తమ్ముడు అమెరికా. అమ్మకి ఒంట్లో ఏ కాస్త నలతగా వున్నా ఇద్దరూ ఫోనులో ఒకే మాట అంటారు. "నువ్వు గంట దూరంలోనే వున్నావు కదా!" అలా అనేసి నిశ్చింతగా ఫోను పెట్టేస్తారు. ఆ మాటతో వాళ్ల బాధ్యత తీరిపోతుంది, నాది మొదలవుతుంది. అంచేత ఈ గంట సంగతేమిటో ఇవాళ తేల్చాలనుకున్నాను.

ముందుగా లెక్క. ఆడవాళ్లకి లెక్కలు రావంటారు గనుక కాస్త విడమరిచే చెబుతాను, మీ ఇంట్లో మగవాళ్లకి కూడా చదివి వినిపించండి.

శంషాబాదు విమానాశ్రయం నుంచి విశాఖ విమానాశ్రయానికి ఆకాశంలో తాడు లాగి కొలిస్తే దాదాపు 510 కిలోమీటర్లు. జెట్ విమానం పైకెళ్లి నిలదొక్కుకున్నాక గంటకి 800 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. ఆ వేగమే మొదట్నించి చివరిదాకా వుంటే నలభై నిమిషాల్లో చేరిపోవాలి. వుండదు. పైకెక్కడానికి కొంత, దిగడానికి కొంత, మలుపు తిరగడానికి కొంత పోతుంది. పైగా విమానం గాలికి ఎదురుగా లేవాలి. మన శంషాబాదు రన్‌వే తూర్పు పడమరలుగా వుంది. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంటే, తూర్పున వున్న విశాఖకి పోవలసిన విమానం ముందు పడమటికి లేచి, అక్కడ చుట్టు తిరిగి, అప్పుడు తూర్పు దారి పడుతుంది. తిరునాళ్లలో తప్పిపోయిన మనిషిలా మొదట అటెందుకు పోయిందని నేను చాలాసార్లు కిటికీలోంచి ఆశ్చర్యపోయాను. తరువాత తెలిసింది, తప్పు దానిది కాదు, గాలిది.

టిక్కెట్టు మీద వేసే టైము విమానం ఇక్కడి స్టాండులోంచి కదిలిన దగ్గర్నుంచి అక్కడి స్టాండులో ఆగేదాకా. మన గుమ్మంలోంచి కదిలిన దగ్గర్నుంచి కాదు. కంపెనీవాళ్లు అబద్ధం చెప్పారని నేననను. వాళ్లు వాళ్ల విమానం లెక్క చెప్పారు. మన ఇంట్లోవాళ్లే దాన్ని మన లెక్క అనుకున్నారు.

కిందటి ప్రయాణంలో ఒక పాత నోటుపుస్తకం పట్టుకెళ్లి ప్రతిదీ టైము వేసి రాసుకున్నాను. పక్క సీటాయన నన్ను ఇన్‌కంటాక్స్ మనిషి అనుకున్నట్టున్నాడు, కాస్త సర్దుకుని కూర్చున్నాడు! విమానం పది గంటలా అయిదు నిమిషాలకి. మారేడుపల్లిలో టాక్సీ ఎక్కింది ఆరూ నలభైకి. శంషాబాదు చేరింది ఎనిమిదీ అయిదుకి. గుమ్మం దగ్గర ఒక క్యూ, సామాను దగ్గర ఒక క్యూ, తనిఖీ దగ్గర ఇంకో క్యూ. ఆ మూడోదాన్లో గాజులు మోగితే పక్కకి పిలిచారు. అన్నీ అయ్యేసరికి తొమ్మిది. బయల్దేరే టైముకి పాతిక నిమిషాల ముందే గేటు మూసేస్తారు గనుక కాఫీ తాగడానికి భయం. ఆ కాఫీ ధర చూశాక భయం పోయి కోపం వచ్చిందనుకోండి, అది వేరే వ్యాసం. చక్రాలు నేల వదిలింది పదీ ఇరవైకి. విశాఖలో నేల తాకింది పదకొండుంబావుకి. ఆగింది పదకొండూ ఇరవై. పెట్టె చేతికొచ్చింది పన్నెండుకి పావు తక్కువ. టాక్సీ, ఎన్.ఏ.డి. జంక్షను, ఊరు. అమ్మ గుమ్మంలో చెప్పులు విప్పేసరికి పన్నెండూ ముప్ఫై అయిదు.

కూడండి. ఇంటి నుంచి ఇంటికి అయిదు గంటలా యాభై అయిదు నిమిషాలు. అందులో నేను గాలిలో వున్నది యాభై అయిదు నిమిషాలు. ఆరో వంతు కూడా కాదు! 510 కిలోమీటర్లని ఆ మొత్తం టైముతో భాగిస్తే గంటకి 86 కిలోమీటర్లు వచ్చింది. మా పెళ్లయిన కొత్తలో అంబాసిడరు కారు కూడా రోడ్డు బావుంటే ఆ మాత్రం పోయేది.

మావారికి ఈ లెక్క చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "మరి రైలయితే పన్నెండు గంటలోయ్" అన్నారు. ఇది అందరూ వేసే ప్రశ్నే గనుక దీనికీ జవాబు చెప్పాలి.

నేను కాపురానికి సికింద్రాబాదు వచ్చింది 1978లో. గోదావరి ఎక్స్‌ప్రెస్ అప్పటికి నాలుగేళ్ల పిల్ల. 1974 ఫిబ్రవరి ఒకటిన మొదలైందది. సాయంత్రం ఎక్కితే తెల్లవారి విశాఖ. ఇంటి నుంచి స్టేషనుకి రిక్షాలో పది నిమిషాలు. పులిహోర పొట్లం విప్పి, ఎదుటి బెర్తువాళ్లతో కూతురి సంబంధం దాకా మాట్లాడి, కాజీపేట దాటాక పిల్లని పక్కలో వేసుకుని పడుకుంటే ఏ తునిలోనో అనకాపల్లిలోనో మెలకువ వచ్చేది. పన్నెండు గంటలే, కాదనను. కాని వాటిలో ఏడు నిద్ర. విమానం తాలూకు ఆరింట్లో నేను నిల్చున్నదీ నడిచిందీ ఎంతో మోకాళ్లనడగండి.

ఇప్పుడు వందే భారత్ వుంది. 2023 జనవరి 15న సికింద్రాబాదు నుంచి విశాఖకి మొదలైంది. దాదాపు 700 కిలోమీటర్ల పట్టాల దారిని ఎనిమిదిన్నర గంటల్లో లాగేస్తుంది. స్టేషనుకి వెళ్లేదీ, అక్కడ దిగి ఇంటికి చేరేదీ కలిపినా పది గంటల లోపు. విమానంతో తేడా నాలుగు గంటలు. నాలుగు గంటలంటే తక్కువేం కాదు, ఒప్పుకుంటున్నాను. అవసరమైతే నేనూ విమానమే ఎక్కుతాను. నా పోట్లాట విమానం మీద కాదండీ, ఆ 'గంట' మీద. తేడా పదికీ ఆరుకీ మధ్య వుంటే, పదికీ ఒకటికీ మధ్య వున్నట్టు ఎందుకు మాట్లాడతారు?

అసలు సికింద్రాబాదు వాళ్లకి ఈ విషయంలో జరిగిన అన్యాయం మరొకటి వుంది. మన ఊళ్లో విమానాశ్రయం బేగంపేటలో వుండేది. నిజాం జమానాలో, 1930లలో పుట్టింది. మారేడుపల్లి నుంచి పేరడైజ్ దాటితే ఆటోలో పావుగంట. మేడ మీద వడియాలు పెడుతుంటే విమానం పొట్ట కనిపించేది. మా అమ్మాయి చిన్నప్పుడు దానికి చెయ్యూపి అన్నం తినేది. నేను మొదటిసారి విమానం ఎక్కింది 2004లో, అక్కడే. తొమ్మిదిన్నర విమానానికి ఎనిమిదింటికి నిదానంగా పూజ ముగించుకుని బయల్దేరాను. ఆ రోజుల్లో ఇంటి నుంచి ఇంటికి మూడున్నర గంటలయ్యేది.

2008 మార్చి 22 అర్ధరాత్రితో బేగంపేటలో టిక్కెట్టు ప్రయాణాలు ఆగిపోయాయి. 23 నుంచి శంషాబాదు. ఆ నెలలోనే పాత విమానాశ్రయాలు మూయొద్దని విమానాశ్రయాల ఉద్యోగులు దేశమంతటా సమ్మె కూడా చేశారు. ఏం లాభం? పొత్తు కుదిరి వుంది. 2004 డిసెంబరులో రాసుకున్న ఒప్పందంలో, కొత్త విమానాశ్రయం తెరిచాక పాతికేళ్ల దాకా దానికి 150 కిలోమీటర్ల లోపు మరో అంతర్జాతీయ విమానాశ్రయం తయారు కాకూడదని వుంది. ఆ 150 కూడా ఆకాశమార్గాన కొలిచిందే! చూశారా, అక్కడా గాలి లెక్కే. ఏ కాగితం మీదా తార్నాక నుంచి ఎంతసేపు, అల్వాల్ నుంచి ఎంతసేపు అని ఒక్క వాక్యం రాయలేదు.

తమాషా ఏమిటంటే, బేగంపేట నుంచి విశాఖకీ, శంషాబాదు నుంచి విశాఖకీ ఆకాశంలో తేడా మహా వుంటే ఐదారు కిలోమీటర్లు. విమానానికి అరనిమిషం పని. మనకి మాత్రం అయిదు కిలోమీటర్ల దారి నలభైకి అటూ ఇటూ అయింది. టిక్కెట్టు మీద గంట గంటలాగే వుంది. టెర్మినల్ అద్దంలా మెరుస్తోంది. నా ప్రయాణం మాత్రం రెండున్నర గంటలు పెరిగింది. దీన్నే అభివృద్ధి అన్నారు.

బేగంపేట ఇరుకైపోయింది నిజమే. పెద్ద విమానాలకి చాలదు, చుట్టూ ఇళ్లు, రసూల్‌పురా వాళ్ల చెవులు చిల్లులు పడేవి. కొత్తది కట్టొద్దని ఎవరన్నారు? కట్టినప్పుడు ఊరికి అటు చివర వున్నవాళ్లు ఎలా వస్తారని అడగాలి గదా. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పొడవు పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే కట్టారు, 2009 అక్టోబరులో తెరిచారు. సంతోషం. మెహదీపట్నం దాకా మేం ఎలా చేరాలి? 2022 డిసెంబరు 9న విమానాశ్రయానికి మెట్రో అని పునాదిరాయి వేశారు, రాయదుర్గం నుంచి! తరువాత వచ్చిన ప్రభుత్వం ఆ దారి కాదు, నాగోలు, ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా అంది. 2023లో ఎం.ఎం.టి.ఎస్. రైలు ఉందానగర్ దాకా పొడిగించారు. దిగాక పెట్టె పట్టుకుని మళ్లీ ఆటో వెతుక్కోవాలి. ఆర్టీసీ పుష్పక్ బస్సు ఒక్కటే మా పాలిటి దేవుడు, అదీ ట్రాఫిక్కులో చిక్కుకోనంత వరకు.

ఇంకో ముచ్చట. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాదు స్టేషనులో తిరుపతి వందే భారత్‌కి జెండా ఊపడానికి ప్రధానమంత్రిగారు వచ్చారు. ఎక్కడ దిగారనుకున్నారు? బేగంపేటలో. అంటే ఆ రన్‌వే నిక్షేపంగా వుంది, బేగంపేట నుంచి సికింద్రాబాదు దగ్గరే అని పెద్దవాళ్లకి తెలుసు కూడాను. ఆయన టైము విలువైనది, సరే. ఎనభై ఏడేళ్ల తల్లి కాలుజారి పడిందని పరుగెత్తే కూతురి టైముకి మాత్రం విలువ కట్టేవాళ్లు లేరు.

అవును, పడింది. అది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గాని, ఇదంతా రాయించింది ఆ రాత్రే.

రెండేళ్ల కిందట, రాత్రి తొమ్మిదిన్నరకి పక్కింటావిడ ఫోను చేసింది. అమ్మ స్నానాలగదిలో పడింది, తుంటి దగ్గర కదల్చనివ్వడం లేదు, ఆస్పత్రికి తీసుకుపోతున్నాం అని. ఆ వేళకి గోదావరి ఎప్పుడో కాజీపేట దాటేసి వుంటుంది. ఆ రాత్రి ఇంకో విమానం దొరకలేదు. తెల్లవారుజామున వున్నదానికి టిక్కెట్టు కొన్నాం. రాత్రంతా పెట్టె పక్కన కూర్చుని, మూడింటికి చీకట్లో టాక్సీ ఎక్కి, పోయిపోయి ఆస్పత్రిలో అమ్మ మంచం పక్కకి చేరేసరికి ఎనిమిదిన్నర. పదకొండు గంటలు! ఆ పదకొండు గంటలూ అమ్మ చెయ్యి పట్టుకు కూర్చున్నది పక్కింటావిడ. నన్ను చూడగానే అమ్మ అన్న మొదటిమాట, "వచ్చేశావా, తమ్ముడు చెప్పాడే, అక్క గంటలో వచ్చేస్తుందని. గడియారం చూస్తూ పడుకున్నాను."

అమెరికాలో కూర్చుని వాడు ధైర్యం చెప్పాడు. వాడి మంచితనాన్ని నేను శంకించను. కాని నొప్పితో గడియారం చూస్తూ గంట లెక్కపెట్టి, ఆ గంట దాటి, రెండో గంట దాటి, పదో గంట దాకా ఆ ముసలిప్రాణం ఏమనుకుని వుంటుంది? కూతురికి రావాలని లేదనుకుందేమో. ఆ మాట నేను ఇంతవరకూ అమ్మని అడగలేదు. మొన్నటికి మొన్న ఆవిడ వాకరు పట్టుకుని వరండాలోకి వచ్చి నిలబడితే కూడా అడగలేకపోయాను.

అంతకు ముందే ఒకసారి బుద్ధి రావలసింది మాకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు విమానాశ్రయం పైకప్పు ఊడిపడింది. 17వ తేదీ దాకా విమానాలు లేవు. ఫోన్లు లేవు, కరెంటు లేదు. గంట దూరంలో వున్న అమ్మ గొంతు నాకు మూడు రోజులు వినిపించలేదు. నాలుగో రోజున ఎవరి ఫోనులోంచో, "నేను బానే వున్నానే, మన మామిడిచెట్టు పోయింది" అంది. కిలోమీటర్లంటే ఏమిటో, దూరమంటే ఏమిటో అప్పుడు తెలిసింది గాని, చెట్టు వేళ్లు తవ్వి పారేసేలోపే మళ్లీ అందరం 'గంటేగా'లో పడిపోయాం.

ఈ గంట వల్ల పోయిన అసలు వస్తువు ఇంకొకటుంది. గోదావరి రోజుల్లో నేను పుట్టింటికి వెళ్తే పదిహేను రోజులు. పన్నెండు గంటలు ప్రయాణం చేసి వెళ్లిన ఆడపిల్లని మర్నాడే తిరిగి రమ్మని మా అత్తగారు కూడా అనలేకపోయేవారు, ఆవిడ చండశాసనురాలైనా సరే. దూరం నాకు సెలవు సంపాదించి పెట్టేది. ఆవకాయలు పెట్టడం చూసి, అమ్మ జడ వేస్తే వేయించుకుని, సాయంత్రాలు బీచికెళ్లి వచ్చేదాన్ని. ఇప్పుడో? "గంటేగా, పొద్దున వెళ్లి డాక్టరుకి చూపించి రాత్రికి వచ్చెయ్" అంటారు. రెండు రోజులుంటే మూడోరోజు "ఇంకా అక్కడేం పని?" అని ఇంటి నుంచి ఫోను. కిందటేడు తొమ్మిదిసార్లు వెళ్లాను. అన్నీ కలిపి అమ్మ దగ్గర వున్నది ఇరవై ఒక్క రోజులు. అందులో సగం ఆస్పత్రి బెంచీల మీద. తొమ్మిదిసార్లకీ పోనూ రానూ ఆరేసి గంటల చొప్పున నూట ఎనిమిది గంటలు దారిలో పోయాయి. అష్టోత్తరం సరిగ్గా పూర్తయింది!

విశాఖలో ఇప్పటిదాకా నేను దిగుతూ వచ్చింది నౌకాదళం వారి స్థలంలో వున్న విమానాశ్రయంలో. ఊరికి దగ్గర. అక్కడికీ కొత్తది కావాలని భోగాపురంలో 2023 మేలో శంకుస్థాపన చేశారు. ఊరికి నలభై కిలోమీటర్లకి పైమాటే. ఉత్తరాంధ్రకి మంచిదే, శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి దగ్గరవుతుంది, వద్దనను. కాని మహారాణిపేట లెక్క మళ్లీ రాసుకోవాలి. ఆకాశంలో గంట ఎటూ గంటే.

అందుకని ఇంట్లో ఒక ఏర్పాటు చేశాను. నోటుపుస్తకంలో లెక్క శుభ్రంగా తిరగరాసి, ఇంటి నుంచి ఇంటికి ఆరు గంటలు, రాత్రి తొమ్మిది దాటితే పదకొండు గంటలు అని పెద్ద అక్షరాలతో వేసి, ఫొటో తీయించి సోదరులిద్దరికీ పంపాను. అమ్మకి కూడా చదివి వినిపించాను. తమ్ముడు "నిజమే అక్కా, నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు" అన్నాడు. అమ్మ ఇప్పుడు నేను బయల్దేరుతున్నానంటే "అయితే మధ్యాహ్నానికి" అంటోంది, గడియారం వైపు చూడదు. పెద్దన్నయ్య మాత్రం వారం రోజులు జవాబివ్వలేదు.

వచ్చేనెల అమ్మకి కంటి ఆపరేషను. ఈసారి నువ్వెళ్లు అన్నయ్యా, బెంగుళూరు నుంచి విశాఖ గంటా నలభై నిమిషాలేగా అన్నాను.

"నువ్వు భలేదానివే" అన్నాడు అన్నయ్య. "దేవనహళ్లి మా ఇంటికి ఎంత దూరమో తెలుసా? తెల్లవారుజామున మూడింటికి లేవాలి. అక్కడి క్యూలు నీకేం తెలుసే..."

నేను పెన్ను తీసుకుని, "నెమ్మదిగా చెప్పు, రాసుకుంటున్నాను" అన్నాను.